కడప నుంచి రాజమండ్రికి ఎంత దూరం?

కడప నుంచి రాజమండ్రికి ఎంత దూరమని అడిగితే లారీ డ్రైవరు ఒక లెక్క చెబుతాడు, పైలట్ ఇంకో లెక్క చెబుతాడు. రోడ్డు మీద వెళ్తే ఐదు వందల కిలోమీటర్లు దాటుతుంది. రెండు ఊళ్ల విమానాశ్రయాలనూ కలుపుతూ గీత గీసి కొలిస్తే 435 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. పైలట్ చేతిలోని కాగితం మీద అదే దూరం 235 అని ఉంటుంది. అవి నాటికల్ మైళ్లు. టికెట్ కొనేవారికి ఈ అంకెలతో పనిలేదు, గంటలో దిగుతామా గంటన్నరలో దిగుతామా అన్నదే కావాలి. వీళ్లలో ఎవరిదీ తప్పు లెక్క కాదు.

ఈ జంటను ఇక్కడ లెక్క కోసం తీసుకున్నాం. ఈ దారిలో నేరుగా విమానం నడిచినా నడవకపోయినా రెండు విమానాశ్రయాలూ కదలవు. పైగా రెండూ చిన్నవి. ఆ చిన్నతనంలోనే ఉంది అసలు సంగతి. ఖండాలు దాటే విమానం దిగే ముందు ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరిగినా వేల కిలోమీటర్లలో అది లెక్కలోకి రాదు. అదే చుట్టు 435 కిలోమీటర్ల ప్రయాణంలో వచ్చిందంటే దూరం ఏడు శాతం పెరిగినట్టు. దూరం తగ్గేకొద్దీ ఆ అంకె మీద నమ్మకం కూడా తగ్గించుకోవాల్సి వస్తుంది.

కొలత ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మొదటి చిక్కు. రాజమండ్రి రన్‌వే ఒకప్పుడు 1,750 మీటర్లు. పొడిగించాక 3,165 మీటర్లయింది. హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఈ చివర నుంచి కొలిస్తే ఒకటి, ఆ చివర నుంచి కొలిస్తే ఇంకొకటి వస్తుంది. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం ప్రతి విమానాశ్రయానికీ ఒక ఆధార బిందువు ఉంటుంది. విమానయానం వాళ్లు దాన్ని ఏరోడ్రోమ్ రిఫరెన్స్ పాయింట్ అంటారు. సాధారణంగా రన్‌వేల నడిమి భాగానికి దగ్గరగా దాన్ని నిర్ణయిస్తారు. ఒకసారి నిర్ణయించాక మామూలుగా మార్చరు. కొత్త టెర్మినల్ కట్టినా, పాతది కూల్చినా అది అక్కడే ఉంటుంది. దాని అక్షాంశాన్నీ రేఖాంశాన్నీ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ప్రచురిస్తారు. ఒక సెకను అక్షాంశమంటే నేల మీద సుమారు 31 మీటర్లు. వెబ్‌సైట్లు చూపే విమానాశ్రయాల మధ్య దూరాలన్నీ ఇలాంటి రెండు బిందువుల మధ్య కొలతలే. ప్రయాణికుడు నడిచే గేటుకూ, కారు ఆగే వాకిలికీ వాటితో సంబంధం లేదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు, పదో తరగతి చదివినవాళ్లు కాగితం మీద వేసుకోవచ్చు. కడప విమానాశ్రయం 14.51 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.77 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయానివి 17.11, 81.82. అక్షాంశాల తేడా 2.60 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తర దిక్కుగా 289 కిలోమీటర్లు వచ్చింది. రేఖాంశాల తేడా 3.05 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఈ రెండు ఊళ్ల నడుమ అక్షాంశం దగ్గర ఆ తగ్గుదల 0.96 వంతు. 3.05ను 111తో, మళ్లీ 0.96తో గుణిస్తే తూర్పు దిక్కుగా 325 కిలోమీటర్లు. రెండు భుజాలూ లంబకోణమూ చేతికొచ్చాయి, ఇక పైథాగరస్ సూత్రమే. కర్ణం దాదాపు 435.

భూమి గుండ్రంగా ఉంటే చదును నేల సూత్రం ఎలా పనికొచ్చిందని అనుమానం రావచ్చు. ఇంత చిన్న దూరంలో వంపు ప్రభావం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. దూరం వేల కిలోమీటర్లకు చేరితే మాత్రం కథ మారిపోతుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట ఉంటుంది. భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తమది. హైదరాబాదు నుంచి అమెరికాకు దగ్గరి దారి అట్లాసులో చూస్తే ఉత్తరానికి వంగి, మంచు దేశాల మీదుగా పోతున్నట్టు కనబడుతుంది. వంకర అట్లాసులో ఉంది, దారిలో లేదు.

మహావృత్త దూరానికి హావర్‌సైన్ అనే సూత్రం వాడతారు. నావికుల కోసం పందొమ్మిదో శతాబ్దంలో ఇది వాడుకలోకి వచ్చింది. 1 నుంచి కోణం కొసైన్‌ను తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే హావర్‌సైన్. ఆ తీసివేతను మన ఖగోళ గణితం ఎప్పుడో చేసింది. సూర్య సిద్ధాంతంలో ఉత్క్రమజ్య పేరుతో దాని పట్టికే ఉంది. ఇంత చుట్టు ఎందుకు, తిన్నగా కొసైన్ సూత్రమే వాడొచ్చు కదా అంటే, దగ్గర దూరాల్లోనే అది దెబ్బతింటుంది. రెండు చోట్ల మధ్య మూడు కిలోమీటర్ల లోపు దూరముంటే భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం కొసైన్ విలువ 0.9999999 దాకా పోతుంది. ఏడు దశాంశ స్థానాల పట్టిక పట్టుకున్న నావికుడికి దాన్ని 1 నుంచి వేరుచేయడం సాధ్యం కాదు, దూరం సున్నా అని వచ్చినా రావచ్చు. హావర్‌సైన్ పట్టికలో ఆ చిన్న తేడానే నేరుగా రాసి పెడతారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ సూత్రం బతికి ఉండటానికి కారణం అదే.

మరీ పట్టింపుగా చూస్తే భూమి గోళం కూడా కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల ఉబ్బును లెక్కలోకి తెచ్చే పద్ధతిని థాడియస్ విన్సెంటీ 1975లో ప్రచురించాడు. సర్వేయర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. కడప–రాజమండ్రి విషయంలో గోళం లెక్కకూ, ఉబ్బును చేర్చిన లెక్కకూ తేడా కిలోమీటరు కూడా రాదు. మన అక్షాంశంలో ఒక డిగ్రీ అక్షాంశం 111 కంటే కాస్త తక్కువ, 110.6 దగ్గర ఉంటుంది. తూర్పు పడమరల కొలత కాస్త ఎక్కువ ఉంటుంది. ఈ ప్రయాణం ఈశాన్యానికి కాబట్టి కొరతా మిగులూ చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు ఊళ్లయితే ఇంత కలిసిరాదు.

ఇక నాటికల్ మైలు. ఒక నిమిషం అక్షాంశమంత దూరం అన్నది దాని పుట్టుక. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా ఖాయం చేసింది. ఓడల నుంచి విమానాలకు వచ్చిన ఈ కొలమానాన్ని పైలట్లు వదల్లేదు.

ఇప్పటిదాకా కాగితం మీది దూరం చూశాం. విమానం ఆ గీత మీద నడవదు. గాలిలో దారులుంటాయి, ఆ దారుల మీద ఐదక్షరాల పేర్లున్న బిందువులుంటాయి, వాటి గుండా వెళ్లమని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చెబుతుంది. వీటన్నిటికంటే మొండిది రన్‌వే. అది ఏ దిక్కుకు పరిచి ఉంటే విమానం ఆ దిక్కుకే ఎగరాలి, ఆ దిక్కుకే దిగాలి.

ఈ జంటలో ఇది తమాషాగా కుదిరింది. రన్‌వేకు పెట్టే అంకె దిక్సూచి చూపే కోణంలో పదో వంతు. రాజమండ్రి రన్‌వే ఒక వైపు నుంచి 05, ఇంకో వైపు నుంచి 23. అంటే దాదాపు 50 డిగ్రీలు, 230 డిగ్రీలు. కడప నుంచి రాజమండ్రికి గీత గీస్తే దాని దిశ 48, 49 డిగ్రీల దగ్గర వస్తుంది. కడప నుంచి వచ్చే విమానం ఎటూ తిరగకుండా ముక్కు సూటిగా వచ్చి 05 రన్‌వే మీద వాలిపోవచ్చన్నమాట. కట్టినవాళ్లకు కడప గుర్తుకొచ్చి ఉండదు. రన్‌వే దిశను నిర్ణయించేది ఆ చోట ఎక్కువగా వీచే గాలి. కడపలో ఆ అదృష్టం లేదు. అక్కడి రన్‌వే 11, 29. పైకి లేచింది 11 మీద అయితే ఎడమకు అరవై డిగ్రీలు తిరగాలి. 29 మీద అయితే కుడికి నూట ఇరవై.

విమానం ఎప్పుడూ ఎదురుగాలిలోనే దిగాలని చూస్తుంది, నేల తాకేటప్పుడు వేగం తగ్గడానికి. నైరుతి రుతుపవనాల కాలంలో గోదావరి జిల్లాల మీద గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. అప్పుడు 05 రన్‌వే వెనకగాలి రన్‌వే అవుతుంది. గాలి మందంగా ఉంటే సర్దుకోవచ్చు. గట్టిగా ఉంటే కడప నుంచి వచ్చిన విమానం విమానాశ్రయాన్ని దాటి ఈశాన్యంగా ముందుకు పోయి, వెనక్కి తిరిగి, 23 రన్‌వే మీద దిగాలి. అలా ఇరవై, ముప్పై కిలోమీటర్లు అదనంగా పడతాయి. అవే రెండు ఊళ్లు, అదే విమానం; ఆషాఢంలో ఒక దూరం, మాఘంలో ఇంకో దూరం.

గాలి చేసే పని అక్కడితో అయిపోదు. ఇలాంటి దారుల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్లు, డెబ్భై పైచిలుకు సీట్లు, గంటకు 500 కిలోమీటర్ల చిల్లర వేగం. గాలి లేని రోజు 435 కిలోమీటర్లకు 500 వేగంతో 52 నిమిషాలు. వెనక నుంచి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోస్తే 47న్నర, ఎదురైతే 58. పోతూ కలిసొచ్చింది, వస్తూ పోయింది, చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కూడి చూడండి. గాలి లేని రోజు రానూపోనూ 104 నిమిషాలు చిల్లర. గాలి ఉన్న రోజు 105న్నర. గోదావరిలో పడవ నడిపేవాడికి ఈ సంగతి సూత్రం లేకుండానే తెలుసు. వాలుకు పోయేటప్పుడు ప్రవాహం సాయం చేసేది కాసేపే, ఎదురెక్కేటప్పుడు అడ్డుపడేది ఎక్కువసేపు. నష్టం వైపు గడిపే సమయమే ఎప్పుడూ ఎక్కువ కాబట్టి రానూపోనూ లెక్కలో గాలి ఏనాడూ లాభం కాదు.

ఎత్తు సంగతి కూడా చూడాలి. కిందికి దిగడానికి పైలట్లు నోటితో వేసే లెక్క ఒకటుంది. ఎత్తును వేల అడుగుల్లో చెప్పి మూడుతో గుణిస్తే, ఎన్ని నాటికల్ మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలో వస్తుంది. 18,000 అడుగుల ఎత్తులో ఉంటే 54 నాటికల్ మైళ్లు, అంటే వంద కిలోమీటర్లు. ఎక్కడానికీ ఇంచుమించు అంత దూరం కావాలి. కడప–రాజమండ్రి దారిలో ఎక్కడం దిగడం పోగా ఇంకా రెండు వందల కిలోమీటర్ల పైగా నిలకడగా ఎగరడానికి మిగులుతుంది. అదే విజయవాడ నుంచి రాజమండ్రికైతే? విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరానికీ మధురపూడికీ మధ్య 126 కిలోమీటర్లే. ఆ ఎత్తుకు ఎక్కేలోపే దిగడం మొదలుపెట్టాల్సిన చోటు దాటిపోతుంది. కాబట్టి తక్కువ ఎత్తులోనే, చిక్కటి గాలిని చీల్చుకుంటూ పోవాలి. కిలోమీటరుకు ఇంధనం ఎక్కువ కాలుతుంది. ఎక్కడానికి ఖర్చయిన శక్తిని హాయిగా వాడుకునే వ్యవధి విమానానికి దొరకదు.

ఈ వరసలో ఆఖరి మెట్టు చూడాలంటే స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులకు పోవాలి. అక్కడ వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య లోగన్ఎయిర్ సంస్థ 1967 నుంచి విమానం నడుపుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలో టైంటేబుల్ ప్రకారం నడిచే విమాన ప్రయాణాల్లో ఇదే అతి చిన్నది. మన రాజమండ్రి రన్‌వే మీద ఆ ప్రయాణం మొత్తం పట్టేసి ఇంకా నాలుగు వందల మీటర్ల పైగా మిగులుతుంది. బ్రిటన్-నార్మన్ ఐలాండర్ అనే చిన్న విమానంలో ఎనిమిదిమంది దాకా కూర్చుంటారు. టైంటేబుల్‌లో రెండు నిమిషాలు రాసి ఉంటుంది. గాలి అనుకూలించిన ఒక రోజు పైలట్ స్టువర్ట్ లింక్లేటర్ 53 సెకన్లలో దాటించాడు. అంటే సగటున గంటకు 183 కిలోమీటర్లు. రెండు నిమిషాల లెక్క తీసుకుంటే గంటకు 81 మాత్రమే. మన హైవే మీద బస్సు దీన్ని దాటిపోగలదు.

ఇది తమాషా కోసం నడిచే విమానం కాదు. పాపా వెస్ట్రే జనాభా వంద లోపే. ఆర్క్‌నీ ప్రధాన పట్టణం కిర్క్‌వాల్ నుంచి బయల్దేరిన విమానం ఒక దీవిలో ఆగి, పక్క దీవికి ఎగిరి, మళ్లీ కిర్క్‌వాల్ చేరుతుంది. దీవిలో పాఠం చెప్పడానికి పోయే టీచర్లు, ఆస్పత్రికి పోయే రోగులు, ఐదు వేల ఏళ్లకు పైబడిన రాతి ఇళ్లను చూడవచ్చే పురావస్తు పరిశోధకులు ఎక్కుతారు. మధ్యలో ఉన్నది ఉత్తర సముద్రాల నీళ్లు. పడవ ఉన్నా వాతావరణం ఒప్పుకోవాలి. ఇంత చిన్న దూరానికి విమానం ఎందుకన్న ప్రశ్నకు కిలోమీటర్లలో జవాబు దొరకదు.

మన దగ్గర ప్రభుత్వం జవాబును కిలోమీటర్లలోనే వెతికింది. 2016 అక్టోబరులో చిన్న విమానాశ్రయాలను కలిపే ఉడాన్ పథకాన్ని ప్రకటించినప్పుడు 200 నుంచి 800 కిలోమీటర్ల దారులకు అది వర్తిస్తుందన్నారు. కొండ ప్రాంతాలకూ, దీవులకూ, మారుమూల చోట్లకూ మాత్రం కింది హద్దు పెట్టలేదు. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, నిర్ణీత సీట్ల ధర 2,500 రూపాయలు దాటకూడదన్నారు. విమాన సంస్థకు వచ్చే నష్టాన్ని పూడ్చే సాయాన్ని కూడా దూరాన్ని బట్టే లెక్కగట్టారు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదలైన తొలి మూడు దారుల్లో కడప–హైదరాబాదు ఒకటి. ట్రూజెట్ సంస్థ ఏటీఆర్ 72తో నడిపింది. ఆ రెండు ఆధార బిందువుల మధ్య 303 కిలోమీటర్లు, హద్దుల మధ్య హాయిగా ఇమిడింది. విజయవాడ–రాజమండ్రి 126, కడప–తిరుపతి 128; ఈ రెండూ ఆ 200 కిలోమీటర్ల గీతకు ఇవతలే ఉండిపోతాయి. ఆ గీత సరైన చోటే పడింది. విజయవాడ నుంచి రాజమండ్రికి రైలు దారి సుమారు 150 కిలోమీటర్లు, మంచి రైలుకు రెండు, రెండున్నర గంటలు. విమానాశ్రయానికి పోవడం, గంట ముందు చేరడం, సంచి తనిఖీ, దిగాక ఊళ్లోకి రావడం కలిపితే ఆ రెండున్నర గంటలు నేల మీదే అయిపోతాయి.

అలాగని ఈ దగ్గరి విమానాశ్రయాల జంటలు ఎవరికీ పట్టనివి కావు. పైలట్‌కు అవి చాలా కావాలి. రాజమండ్రికి బయల్దేరే విమానం అక్కడ పొగమంచు కమ్మి దిగలేకపోతే ఎక్కడికి పోవాలో ముందే రాసుకోవాలి. నైరుతిగా విజయవాడ 126 కిలోమీటర్లు, ఈశాన్యంగా విశాఖపట్నం సుమారు 164. శీతకాలం ఉదయాల్లో గన్నవరంలోనూ పొగమంచు పడుతుంది కాబట్టి దగ్గరిదే మేలని అనుకోవడానికి లేదు. ఆ ప్రత్యామ్నాయ విమానాశ్రయం దాకా ఇంధనం, దాని మీద అరగంట చక్కర్లు కొట్టడానికి ఇంధనం, ఇవి కాక దారి ఖర్చులో ఐదు శాతం అదనంగా ట్యాంకులో ఉండాలి. గంటలోపు ప్రయాణానికి దాదాపు ఇంకో గంటకు సరిపడా మోసుకుపోవడం అన్నమాట. ఏ ప్రయాణికుడూ టికెట్ కొనని ఈ దూరం ప్రతి విమానం బరువులోనూ ఉంటుంది.

కడప ప్రయాణికుడి దగ్గరికి మళ్లీ వస్తే, నేరుగా విమానం లేని రోజున అతను హైదరాబాదులో మారాల్సి వస్తుంది. కడప నుంచి శంషాబాద్ 303, అక్కడి నుంచి రాజమండ్రి 361, మొత్తం 664 కిలోమీటర్లు. నేరు దూరం కంటే ఒకటిన్నర రెట్లు. పైగా మధ్యలో ఎదురుచూపు. రాయలసీమకూ గోదావరి జిల్లాలకూ మధ్య విమానం ఉండాలా వద్దా అని మాట్లాడేటప్పుడు బస్సు వెళ్లే ఐదు వందల కిలోమీటర్లతో పోల్చినట్టే ఈ 664తోనూ పోల్చాలి. 435 కిలోమీటర్లు ఏటీఆర్‌కు సరిగ్గా సరిపోయే దూరం: ఎత్తుకు చేరడానికీ, కాసేపు నిలకడగా ఎగరడానికీ చాలినంత ఉంది; రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన దూరమూ అదే. సీట్లు నిండుతాయా లేదా అన్నది వేరే లెక్క.

మీ ఊరి విమానాశ్రయం అక్షాంశ రేఖాంశాలు ఫోను మ్యాపులో రన్‌వే నడిమి భాగం మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చేస్తాయి. వెళ్లాల్సిన ఊరివీ అలాగే తీసుకుని 111తో, కొసైన్‌తో గుణించి కర్ణం కట్టి చూడండి. రెండు వందల లోపు వస్తే, మధ్యలో సముద్రమో కొండలో లేకపోతే, రైళ్ల టైంటేబుల్ చూసుకోవడం మేలు.